లోన్ అప్రూవ్ అయిందని ఫోనొస్తే: మోసాన్ని పట్టుకోవడం, తప్పించుకోవడం ఎలా

లోన్ పేరుతో మోసం చేసేవాడు డబ్బున్నవాళ్ల జోలికి పోడు. బ్యాంకు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, సిబిల్ స్కోర్ బాగాలేదని వెనక్కి పంపితే, పిల్లల ఫీజుకో ఆస్పత్రి బిల్లుకో కౌలుకో ఇంకెవరిని అడగాలా అని చూస్తున్నవాళ్లే అతనికి కావాలి. ఇందులో పోయే మొత్తం పేపర్లో పడేంత పెద్దది కాకపోవచ్చు. కానీ ఆ ఐదు వేలో, ఇరవై వేలో కూడా చాలాసార్లు చేబదులు తెచ్చి కట్టినవే అయి ఉంటాయి.

మోసాలు పైకి వంద రకాలుగా కనిపించినా లోపల మూడే. ఒకటి, లోన్ ఇస్తామని చెప్పి ముందే డబ్బు కట్టించుకుని మాయమయ్యేది. రెండు, చిటికెలో లోన్ వేసి ఆ తర్వాత పీక్కుతినే యాప్. మూడు, మీ పేరుతో, మీ కాగితాలతో ఇంకొకరు బాగుపడేది. మొదటిదాని గురించే ఎక్కువ చెబుతాను, జనం ఎక్కువగా పడేది అందులోనే.

1. ముందు అసలు లోన్ ఏ వరుసలో వస్తుందో తెలుసుకోండి

మీరు దరఖాస్తు పెడతారు. వాళ్లు ఆదాయం కాగితాలు చూస్తారు, క్రెడిట్ రిపోర్టు తీస్తారు. కుదిరితే శాంక్షన్ చేస్తారు. తర్వాత అగ్రిమెంటు, దానికి ముందు 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇస్తారు. వడ్డీ, ఫీజులు, బీమా అన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఒక్క అంకెగా రాసి ఉండాలి. వ్యక్తులకు, చిన్న వ్యాపారాలకు ఇచ్చే లోన్లన్నిటికీ ఈ కాగితం ఇవ్వాలన్న ఆర్‌బీఐ నిబంధన 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఇవన్నీ అయ్యాకే డబ్బు పడుతుంది.

మోసంలో ఈ వరుస తలకిందులవుతుంది. ముందు అప్రూవల్, తర్వాత ఆధార్, పాన్ ఫొటోలు, ఆ వెంటనే మీరు కట్టాల్సిన డబ్బు. మీ జీతమెంతో అడగకుండానే 5 లక్షలు అప్రూవ్ చేశామన్నవాడు దేన్ని చూసి చేశాడో ఆలోచించండి.

మీ సొంత బ్యాంకు ఇచ్చే 'ప్రీ అప్రూవ్డ్' లోన్ మాత్రం వేరు. అకౌంట్లో మీ జీతం, లావాదేవీలు దానికి కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి అడగకుండానే ఇస్తామనొచ్చు. అది నిజమో కాదో తేల్చుకోవడానికి మెసేజ్‌లోని లింకు నొక్కొద్దు. మీ ఫోన్లో ఇప్పటికే ఉన్న బ్యాంకు యాప్ తెరిచి చూడండి. ఆఫర్ నిజమైతే అక్కడా ఉంటుంది. లేకపోతే బ్రాంచికి వెళ్లి అడగండి.

2. ఫోన్ వచ్చినప్పుడు

సాధారణంగా మాట ఇలా నడుస్తుంది.

"నమస్తే సార్, మీ 5 లక్షల లోన్ శాంక్షన్ అయిపోయింది. ఫైలు నా టేబుల్ మీదే ఉంది. సాయంత్రం 5 లోపు ఫైల్ చార్జి 1,999 కట్టేస్తే రాత్రికి అకౌంట్లో పడిపోతుంది."

"ఆ 1,999 లోన్లోంచే పట్టుకుని మిగతాది వేసేయండి బాబూ."

"అలా సిస్టం తీసుకోదు సార్. మీ డబ్బు ఎక్కడికీ పోదు, రీఫండబులే."

ఇక్కడితో ఫోన్ పెట్టేయొచ్చు. పర్సనల్ లోన్‌కి ప్రాసెసింగ్ ఫీజు నిజంగానే ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. కానీ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు మామూలుగా దాన్ని లోన్ మొత్తంలోంచే మినహాయించి మిగతాది వేస్తాయి. అందుకే 'లోన్లోంచే పట్టుకోండి' అన్న ఒక్క మాట చాలా కాల్స్‌ని తేల్చేస్తుంది. సరిపోకపోతే 'మీ బ్రాంచి ఎక్కడ? రేపొచ్చి కౌంటర్లో కట్టి రసీదు తీసుకుంటాను' అనండి. అవతలి గొంతు మారిపోతుంది.

ఒక మినహాయింపు ఉంది, దాచకుండా చెప్పాలి. ఇంటి లోన్‌కి కొన్ని సంస్థలు లాగిన్ ఫీజు ముందే తీసుకుంటాయి. అయితే ఆ డబ్బు సంస్థ పేరున్న అకౌంటుకే పోతుంది, రసీదు వస్తుంది. ఎవరో వ్యక్తి ఫోన్‌పే నంబరుకి పోదు.

నంబరు కూడా కొంత చెబుతుంది. బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు సర్వీసు కాల్స్‌కి 1600తో, ప్రచారం కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లు వాడాలని నిబంధన. బ్రాంచి ఉద్యోగి తన సొంత ఫోన్ నుంచి చేసే సందర్భాలూ లేకపోలేదు కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని తేల్చకండి. అలాగే కాలర్ యాప్‌లో బ్యాంకు పేరు చూపించిందనో, వాట్సాప్ ఫొటోలో లోగో ఉందనో నమ్మడానికి లేదు. అవి ఎవరైనా పెట్టుకోవచ్చు. ఎంప్లాయీ ఐడీ కార్డు ఫొటో పంపిస్తే అనుమానం ఇంకా పెరగాలి. అడగకుండానే ఐడీ కార్డు పంపే బ్యాంకు ఆఫీసరు నాకింతవరకూ తగల్లేదు.

3. అప్రూవల్ లెటర్‌ని చదవండి, చూసి మురిసిపోకండి

కాల్ తర్వాత వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వస్తుంది. ఎక్కువగా వాడుకునేది చిన్న వ్యాపారాలకు లోన్లిప్పించే ప్రధానమంత్రి ముద్ర యోజన పేరు. 10 లక్షల ముద్ర లోన్ మంజూరైంది, వెరిఫికేషన్, ప్రాసెసింగ్ కింద 4,500 కట్టండి అన్న లెటర్ నకిలీదని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగమే ప్రకటించింది. అంకెలు మారుతుంటాయి, లెటర్ మాత్రం దాదాపు అదే.

దాన్ని తాపీగా చూడండి. పైన మూడు సింహాలు, పక్కన ప్రధాని ఫొటో, కింద ఆర్‌బీఐ గుండ్రటి స్టాంపు, మధ్యలో ఎక్కడో ఆదాయపు పన్ను శాఖ. ఇన్ని శాఖలు కలిసి ఒకరికి లోన్ ఇవ్వవు. ఆర్‌బీఐ అసలు మామూలు జనానికి లోన్లే ఇవ్వదు, ఎవరి లోన్‌నీ అప్రూవ్ చేయదు. ముద్ర సంస్థ కూడా నేరుగా ఎవరికీ డబ్బివ్వదు. అప్పు ఇచ్చిన బ్యాంకులకు, మైక్రోఫైనాన్స్ సంస్థలకు వెనక నుంచి నిధులు సర్దుతుంది, అంతే. కాబట్టి 'ముద్ర ఆఫీసు నుంచి' వచ్చిన శాంక్షన్ లెటర్ అనేదే ఉండదు.

తర్వాత లైను: వడ్డీ 2 శాతం, సబ్సిడీ 35 శాతం. ముద్రలో సబ్సిడీ లేదు. ఆ 35 శాతం పీఎంఈజీపీ అనే ఇంకో పథకం నుంచి ఎత్తుకొచ్చిన మాట. పథకాల గురించి సగం సగం విన్నవాళ్లకి ఎక్కడో విన్నట్టే అనిపిస్తుంది, పని జరిగిపోతుంది.

ఇంకా కిందికి వస్తే డబ్బు కట్టాల్సిన అకౌంటు ఉంటుంది. అసలు గుట్టు ఇక్కడే. లెటర్ పైన ప్రభుత్వం పేరు, కింద ఏదో రాష్ట్రంలోని ఎవరో ఒక వ్యక్తి సేవింగ్స్ అకౌంటు. యూపీఐలో పిన్ కొట్టే ముందు అవతలి మనిషి పేరు తెర మీద కనిపిస్తుంది. అకౌంట్ నంబరుకి పంపే నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లో కూడా ఖాతాదారు పేరు ముందే చూసుకునే వీలు కల్పించాలని ఆర్‌బీఐ 2025 ఏప్రిల్‌ని గడువుగా పెట్టింది. ఆ పేరు సంస్థది కాకపోతే అక్కడే ఆగండి. 'అది మా అకౌంట్స్ మేనేజర్ పేరు సార్' అంటారు. ఏ బ్యాంకూ తన ఫీజుల్ని మేనేజర్ సొంత ఖాతాలో వేయించుకోదు.

నిజమైన శాంక్షన్ లెటర్ చూసినవాళ్లకి తెలుసు, అదెంత నీరసంగా ఉంటుందో. షరతులు, గడువులు, వాయిదా తప్పితే ఎంత, మళ్లీ షరతులు. 'అభినందనలు' అని రంగుల్లో రాసి ఉండదు.

4. ఫీజుల మెట్లు

మొదటి 1,999 కట్టాక వదిలేస్తే అదృష్టమే. వదలరు. తర్వాత లోన్ ఇన్సూరెన్స్, ఆ తర్వాత జీఎస్టీ, ఆపైన టీడీఎస్, ఎన్ఓసీ. 5 లక్షల మీద 18 శాతం జీఎస్టీ అని 90 వేలు అడిగేవాళ్లూ ఉన్నారు. జీఎస్టీ పడేది ఫీజు మీదే, లోన్ అసలు మీద కాదు. టీడీఎస్ ఆదాయం మీద కోసేది, అప్పు ఆదాయం కాదు.

అన్నీ కట్టించాక చివరి ఎత్తు ఒకటుంది. 'సార్, మీరిచ్చిన అకౌంట్ నంబర్లో ఒక అంకె తప్పుపడింది. డబ్బు హోల్డ్‌లో ఉంది. కరెక్షన్ చార్జి కట్టకపోతే మీ మీదే కేసవుతుంది.' టెన్షన్‌లో ఉన్న మనిషి అప్పటికే 20 వేలు కట్టి ఉంటాడు. ఇంకో 6 వేలు కడితే 5 లక్షలొస్తాయి, ఆగిపోతే కట్టిందంతా పోతుంది అనిపిస్తుంది. సరిగ్గా ఆ లెక్క మీదే వాళ్లు బతుకుతున్నారు. కట్టింది పోయింది. ఇక ఆపగలిగింది కట్టబోయేదే. మీరు తీసుకోని లోన్ మీద మీ మీద కేసు పెట్టే దారి ఏ చట్టంలోనూ లేదు.

మధ్యలో ఎప్పుడైనా 'డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టి తీసుకోండి' అనో, 'ఈ క్యూఆర్ స్కాన్ చేయండి' అనో అంటే గుర్తుంచుకోండి: డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీరు పంపుతున్నట్టే. ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించేది) పంపి ఇన్‌స్టాల్ చేసుకోమన్నా, స్క్రీన్ షేర్ చేయమన్నా చేయొద్దు. ఆ తర్వాత మీ ఓటీపీలు మీకంటే ముందు వాళ్లే చదువుతారు.

5. ఇచ్చే సంస్థ ఉందో లేదో తేల్చుకోవడం

బ్యాంకు అన్నారా, వెబ్‌సైటు చిరునామా చివర చూడండి. మన బ్యాంకులన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అన్న చిరునామాకి మారాలని ఆర్‌బీఐ 2025 అక్టోబర్ 31ని గడువు పెట్టింది. ఆ తోక రిజిస్టరైన బ్యాంకులకే ఇస్తారు. మధ్యలో బ్యాంకు పేరుండి చివర ఇంకేదో ఉంటే అది బ్యాంకుది కాదనే అనుకోండి.

ఫైనాన్స్ కంపెనీ అయితే ఆర్‌బీఐ వెబ్‌సైటులో రిజిస్టరైన ఎన్‌బీఎఫ్‌సీల జాబితా ఉంది. యాప్ అయితే 2025 జులై 1 నుంచి డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితా కూడా అక్కడే పెట్టారు. ఏ యాప్ ఏ సంస్థ తరఫున లోన్ ఇస్తోందో అందులో చూడొచ్చు. వాళ్లు పంపిన ఆర్‌బీఐ సర్టిఫికెట్ ఫొటో లెక్కలోకి రాదు.

అయినా జాబితాలో పేరున్నంత మాత్రాన సరిపోదు. మోసగాళ్లు ఎక్కువగా వాడుకునేది నిజమైన కంపెనీల పేర్లనే. అందుకని ఆ కంపెనీ అసలు వెబ్‌సైటులోని నంబరుకి మీరే ఫోన్ చేసి, ఫలానా రెఫరెన్స్ నంబరు మీదేనా అని అడగండి. కస్టమర్ కేర్ నంబర్ల కోసం గూగుల్లో వెతికి పైన కనిపించినదానికి చేయడం కూడా ప్రమాదమే. దొంగ నంబర్లు అక్కడా ఎక్కుతాయి.

6. చిటికెలో లోన్ ఇచ్చే యాప్‌లు

2020 డిసెంబర్‌లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులతో వరసగా ఆత్మహత్యలు జరిగాయి. పోలీసులు హైదరాబాద్‌లో, గురుగ్రామ్‌లో కాల్ సెంటర్ల మీద దాడులు చేసి పలువుర్ని పట్టుకున్నారు. ఆ తర్వాతే ఆర్‌బీఐ ఒక కమిటీ వేసింది. 2021 మొదటి రెండు నెలల్లో చూస్తే దాదాపు 1,100 లోన్ యాప్‌లు తేలాయని, అందులో 600 దాకా అక్రమమైనవని ఆ కమిటీ లెక్క. 2022లో నిబంధనలు వచ్చాయి, 2025లో వాటిని ఒక్కచోట చేర్చారు.

వాటిలో మీకు పనికొచ్చేవి ఇవి. లోన్ డబ్బు సంస్థ ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకే రావాలి, వాయిదా కూడా నేరుగా సంస్థ ఖాతాకే పోవాలి, మధ్యలో ఇంకెవరి ఖాతా ఉండకూడదు. యాప్ మీ కాంటాక్టులు, కాల్ రికార్డు, ఫొటోల గ్యాలరీ అడగకూడదు. కేవైసీ కోసం కెమెరా, మైకు, లొకేషన్ మీ అనుమతితో ఒక్కసారి వాడుకోవచ్చు. తీసుకున్నాక మనసు మారితే, సంస్థ ఇచ్చే గడువులోపు (అది కనీసం ఒక రోజు ఉండాలి) అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు. కాంటాక్టులకి అనుమతి అడిగిందంటే ఆ యాప్ ఎంత బాగున్నా తీసేయండి. రేపు మీ మేనమామకీ, ఆఫీసులో బాసుకీ మెసేజ్‌లు పోయేది ఆ అనుమతితోనే.

లెక్క కూడా ఒకసారి వేసి చూడండి. 5,000 లోన్ అంటారు, చార్జీలు పోను చేతికి 3,500 వస్తుంది, 7 రోజుల్లో 5,000 కట్టాలి. అంటే 3,500 మీద వారానికి 1,500. ఏడాదికి లెక్కగడితే 2,200 శాతం దాటుతుంది. ఊళ్లో నూటికి పది రూపాయల వడ్డీ అంటేనే నోరెళ్లబెడతాం. అది ఏడాదికి 120 శాతమే.

అడగకుండానే అకౌంట్లో రెండు మూడు వేలు పడి, సాయంత్రానికి రెట్టింపు కట్టమని ఫోన్లు మొదలయ్యే తరహా కూడా ఉంది. ఆ డబ్బు ముట్టుకోకండి, ఫోన్లో చెప్పిన క్యూఆర్‌కి తిరిగి పంపకండి. ముందు మీ బ్యాంకుకి రాతపూర్వకంగా తెలియజేసి, సైబర్ ఫిర్యాదు పెట్టండి.

7. ఊళ్లోని ఏజెంటు

ఇది ఫోన్లో జరిగేది కాదు, తెలిసిన మనిషే చేసేది. అందుకే ఎక్కువ జాగ్రత్త కావాలి.

'మీ అకౌంట్లో లావాదేవీలు తక్కువున్నాయి, అందుకే లోన్ రావట్లేదు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ నాకివ్వండి. నెల రోజులు డబ్బు తిప్పుతాను, స్కోర్ పెరుగుతుంది.' ఇలా తిరిగేది ఎక్కడో సైబర్ నేరంలో పోయిన వేరేవాళ్ల డబ్బు. ఖాతా మీదే కాబట్టి పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. పైగా డబ్బు తిప్పితే సిబిల్ పెరగదు. అది పాత అప్పులు ఎలా కట్టారో చూసి వచ్చే అంకె.

ఇంకో రకం: 'మీ పేరు మీద ఫోన్ ఈఎంఐలో తీసుకుందాం, దాన్ని అమ్మి డబ్బు చేతికిస్తాను.' 40 వేల ఫోనుకి మీ చేతికి వచ్చేది అందులో సగమో ఇంకా తక్కువో, ఈఎంఐ మాత్రం మొత్తానికి మీదే. గ్రూపు లోన్లలో 'నీ పేరు మీద తీసుకో వదినా, వాయిదాలు నేను కడతా' అనేది కూడా ఈ కోవలోకే వస్తుంది. మొహమాటానికి సంతకం పెట్టేది మీరు, నెలనెలా వసూలుకి మనుషులొచ్చేదీ మీ గుమ్మానికే.

జిరాక్సులు ఎవరికిచ్చినా మీద అడ్డంగా 'ఫలానా లోన్ దరఖాస్తు కోసం మాత్రమే' అని తేదీతో రాయండి. ఆధార్‌కి బదులు చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు.

8. డబ్బు కట్టేశాక తెలిస్తే

సిగ్గుపడుతూ కూర్చుంటే పోయేది సమయమే. వెంటనే 1930కి ఫోన్ చేయండి. యూటీఆర్ లేదా ట్రాన్సాక్షన్ నంబరు, ఎంత, ఎన్ని గంటలకి, మీ ఏ ఖాతా నుంచి, అవతలి యూపీఐ ఐడీ లేదా అకౌంటు, ఇవి దగ్గర పెట్టుకుని చేస్తే మాట తొందరగా అయిపోతుంది. డబ్బు ఇంకా ఆ ఖాతాల్లోనే తిరుగుతుంటే ఆపగలుగుతారు, ఏటీఎంలో తీసేశాక కష్టం. అందుకే గంట కూడా విలువైనదే. అదే రోజు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు నింపండి. బ్యాంకుకి కూడా విడిగా చెప్పి, కార్డు, యూపీఐ ఆపించండి. మీరే పిన్ కొట్టి పంపినదాన్ని బ్యాంకు వెనక్కివ్వకపోవచ్చు, కానీ మీరు తెలియజేశాక కూడా మీ అనుమతి లేకుండా ఖాతాలోంచి పోయేదానికి బాధ్యత బ్యాంకుది.

చాట్లు, కాల్ లిస్టు, ఆ పీడీఎఫ్ డిలీట్ చేయొద్దు. కోపంలో బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. డబ్బు పోకపోయినా, అనుమానపు కాల్ మీద టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని 'చక్షు' విభాగంలో ఫిర్యాదు చేయొచ్చు.

యాప్ వాళ్లు మార్ఫింగ్ ఫొటోలతో బెదిరిస్తే, ముందు మీరే ఇంట్లోవాళ్లకి, దగ్గరివాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి: 'నా ఫోన్ డేటా దొంగిలించారు, నా పేరుతో ఏవైనా ఫొటోలొస్తే నమ్మకండి, స్క్రీన్‌షాట్ తీసి పంపండి.' వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం మీ భయం ఒక్కటే. ఒకసారి కడితే మళ్లీ అడుగుతారు. బెదిరించి వసూలు చేయడం, అసభ్య చిత్రాలు పంపడం రెండూ నేరాలే, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. వేధించేది రిజిస్టరైన సంస్థే అయితే ముందు దాని గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు, సమాచారానికి 14448. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. రిజిస్ట్రేషనే లేని సంస్థలైతే ఆర్‌బీఐ 'సచేత్' పోర్టల్‌లో చెప్పండి.

కొన్ని వారాల తర్వాత ఇంకో ఫోన్ రావొచ్చు. 'సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, రిలీజ్ చార్జి కట్టండి.' పాత ముఠానో, వాళ్ల దగ్గర లిస్టు కొన్నవాళ్లో అయి ఉంటారు. ఫ్రీజ్ అయిన డబ్బు కోర్టు, లోక్ అదాలత్ లాంటి అధికారిక దారిలోనే మీ ఖాతాకి వస్తుంది, దానికి ఎవరికీ ఫోన్‌పే చేయక్కర్లేదు.

9. మరి లోన్ ఎక్కడ దొరుకుతుంది?

బ్యాంకు కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి, చెప్పాల్సిన బాధ్యత వాళ్లకుంది. కారణం సిబిల్ అయితే మన అప్పుల చరిత్ర నమోదు చేసే నాలుగు క్రెడిట్ సంస్థలు ఒక్కోటి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. తీసి చూడండి. మీరు తీసుకోని లోన్ అందులో కనిపిస్తే వెంటనే అభ్యంతరం పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి.

ముద్రకి మీ దగ్గరి బ్యాంకు బ్రాంచికే వెళ్లండి. ముద్రలోని 'శిశు' అనే రకం కింద 50 వేల దాకా ఇస్తారు, హామీ అక్కర్లేదు, ఏజెంటు అక్కర్లేదు. ఆన్‌లైన్లో దరఖాస్తుకి ప్రభుత్వ జన్ సమర్థ్ పోర్టల్ ఉంది. ఇంట్లో ఎవరైనా డ్వాక్రా సంఘంలో ఉంటే ముందు అక్కడ అడగండి. అర్జెంటైతే, ఇంట్లో కొంచెం బంగారం ఉంటే, బ్యాంకులో గోల్డ్ లోన్ ఏ యాప్ కంటే చౌక. దానికి స్కోర్ గొడవ కూడా తక్కువే. తాకట్టు రసీదు మీద బరువు, క్యారెట్ సరిగా రాశారో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.